రానోళ్ల ఇంట్ల మీటింగు

గుండ్లకుంట, కోస్గి దగ్గర
12 ఫిబ్రవరి 2024

పట్నంల ఫ్యాను కింద కూసున్న నా మనవరాలు గ్లోరీకి, చెట్టు గాలి తింటున్న తాత రాసేది.

నేను మంచిగున్న. చెవులు తప్ప అన్ని మంచిగున్నయ్. నువ్వు ఫోన్ చేస్తె నాకు తుమ్మెద జొచ్చినట్టు జుయ్యిమంటది, గంతే. గందుకె ఉత్తరం రాయమన్న. నాలుగో తరగతిల బడి ఇడ్శిపెట్టినోణ్ణి గీ వయసుల రాతగాణ్ణి చేసినవు. తప్పులుంటె మా సారును తిట్టు. ఆయన మా వాడ పిల్లలను బయట అరుగు కింద కూసోబెట్టె. సగం పాఠం అరుగు దిగి మా దాంక రాకపాయె.

సంఘం ముచ్చట అడిగినవు. మీ అవ్వ సుక్కమ్మ పెట్టిన సంఘం, ఆమె పోయి ఆరేండ్లయినా ఇది పోతలేదు. ఇరవై ఇద్దరు ఆడోళ్లు, ఒక్క మొగోడు. గా మొగోణ్ణి నేనే. కూలి రేటు కాడ కొట్లాడాలన్నా, పింఛను ఆగిందని ఆఫీసుకు పోవాలన్నా, తాగి కొట్టిన మొగని ఇంటిమీదికి పోవాలన్నా వాళ్లే పోతరు. ఎవరొచ్చిన్రు, ఏమన్నరు అని నోటుబుక్కుల రాసుడే నా పని. వాళ్లు నన్ను మనిషి అనుకుంటలేరు, పెన్ను అనుకుంటున్నరు.

పోయిన గురువారం మణెమ్మ రాలే. ఇంకేంది, ఈ గురువారం మీటింగు మణెమ్మ ఇంట్లనే. మా కాయిదా నీకు ఎరుకే గద: ఎవరు రాకుంటె మళ్ల వారం వాళ్ల ఇంటిమీద పడుడే. అందరం పోయి ఇంత గుడిసెల ఇరికినం. చాయ పెట్టుకొని చాపత్త డబ్బా ఖాళీ చేసినం. "మీకు ఇంకేడ జాగ దొరకలేదా" అని మణెమ్మ మొత్తుకుంది. నీ చిన్నవ్వ గుర్వమ్మ ఉన్నది సూడు, "మాకేడ ఇల్లున్నదే? రానోళ్ల ఇల్లే మా ఇల్లు" అని ఇంకో గ్లాసు తాగింది. మణెమ్మ చెయ్యి కాలి ఉండె, దవాఖానకు తోల్కపోయినం, గా ముచ్చట వేరే.

మీ అవ్వకు చెల్లెలని గుర్వమ్మను నేను ఊకుంటున్న గని, నా మీద మస్తు జబర్దస్తీ చేస్తది. వాగు అవతల గూడెంల ఒక్కతే ఉంటదా, నీ ఉత్తరం వచ్చిందంటె చాలు ఉరికొస్తది. నేను చదువుడు అయినంక కాయితం గుంజుకొని రవికెల దోపుకుంటది. మీ అమ్మ పోయినంక నిన్ను సాదింది గద, హక్కు అంట. నేను గూడ తక్కువోణ్ణి గాదు. నడుమల నా మాట కలిపి చదువుత: "చిన్నవ్వా, మా తాతకు కోడిగుడ్డు పులుసు ఒండిపెట్టు" అని. పెడ్తున్నది. చెప్పకు.

పులుసు తిని మూతి తుడుసుకుంటున్న
మీ తాత ఐలేశం

—

తార్నాక, హైదరాబాద్
24 ఫిబ్రవరి 2024

పులుసు దొంగ తాతకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి గట్టిగా నవ్వాను. అందరూ తిరిగి చూశారు. చిన్నవ్వకు ఈ సంగతి చెప్పకుండా ఉండాలంటే నువ్వు ఆమెతో షుగర్ గోళీలు రోజూ వేయించాలి. వేసుకుంటోందా?

తాతా, ఒక మాట. నేను పని చేసే సంస్థ ఏం చేస్తుందో నీకు సరిగ్గా చెప్పలేదు. మనలాంటి వాళ్లు మనలాంటి వాళ్ల కోసం నడుపుకొనే చిన్న సంఘాలను వెతికి, వాటిని గట్టిపరచడం మా పని. ఇన్నేళ్లూ పెద్ద పెద్ద సంస్థలకే సాయం అందింది. వాళ్లు కార్లలో వచ్చి మన పేరు చెప్పుకొని వెళ్లారు. ఇప్పుడు నేరుగా మన చేతికే ఇవ్వాలని మా సుమన మేడం పట్టుదల. నేను అవ్వ సంఘం పేరు రాశాను.

ఎన్నాళ్లని ఇల్లిల్లూ పట్టుకు తిరుగుతారు? నా చిన్నప్పుడూ ఇంతే. చిన్నవ్వ నన్ను చంకనేసుకుని ప్రతి గురువారం ఒక కొత్త ఇంటికి తీసుకెళ్లేది. ఎవరి ఒళ్లోనో నిద్రపోయేదాన్ని. దరఖాస్తులో ఇలా రాశాను: "కూర్చోవడానికి సొంత చోటు లేక సభ్యుల ఇరుకు ఇళ్లలో సమావేశమవుతున్నారు." మేడం ఆ వాక్యం కింద గీత గీసి, మొదట ఇది తీర్చాలి అంది.

చిన్నవ్వకు ఈ ఉత్తరం కల్తీ లేకుండా చదివి వినిపించు.

నీ గ్లోరీ

—

గుండ్లకుంట
18 ఏప్రిల్ 2024

దరఖాస్తులు రాసే ఆఫీసరమ్మకు దండాలు.

మీ సుమన మేడం ఈ నెల మొదట్ల వచ్చిపాయె. మంచి మనిషి. ఎండల వచ్చింది, మా కుండ నీళ్లే తాగింది. గా పొద్దు ఉన్న ఒక్క కుర్చీల ఆమెను కూసోబెట్టినం. నేను మాట్లాడెతందుకు ముంగటికి పోయిన. నాకు వినబడది గని మాట్లాడుడు ఆగది గద.

గది కిరాయికి దొరికింది. బస్సు ఆగే కాడ, మన ఇంటికి పది అడుగులు. షటరు ఉన్నది. భాగ్యశ్రీకి మస్తు ఖుషీ. మన వాడల డిగ్రీ చదివిన మొదటి పిల్ల ఆమెనే గద, ఇప్పుడు సంఘం సెక్రటరీ. "తాతా, ఇగ మనకు బోర్డు ఉంటది" అని ఎగిరింది.

నీ చిన్నవ్వకే నచ్చలే. ఎనుక కూసొని ఒకటే గునుసుడు. "గది పెడితె కాళ్లున్నోళ్లు వస్తరు. రాలేనోళ్ల కాడికి ఎవరు పోతరు?" అని నాకు గూడ వినబడేటట్టు అన్నది. "నీకు కాళ్లు లేవా, మొన్న చెప్పు లేపుకొని నా మీదికి ఉరికితివి" అన్న నేను. అందరు నవ్విన్రు. ఆమె ఒక్కతే నవ్వలే.

మేడంకు మా మాట సక్కగ అందలే. "ఆమె ఏమంటున్నరు?" అని నన్ను అడిగింది. "ఏం లేదు మేడం, మా మరదలికి ఆఫీసు ఆమె ఇంటి ముంగటనే కావాల్నంట" అని చెప్పిన. మేడం గూడ నవ్వి రాసుకున్నది. గుర్వమ్మ నన్ను సూసిన సూపుకు మామిడికాయ రాలాలె. పులుసు రెండు వారాల సంది బంద్.

ఆకలితోని,
ఐలేశం తాత

—

హైదరాబాద్
3 మే 2024

తాతా,

మంజూరైంది! గది, షటరు, కుర్చీలు, ఒక కంప్యూటర్, భాగ్యశ్రీకి జీతం. అవ్వ ఉంటే ఎంత బాగుండేది.

చిన్నవ్వ కోరిక మేడం చెప్పింది, ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె వాగు దాటి నడవక్కర్లేదు. ప్రతి గురువారం ఆటో వెళ్తుంది, అది కూడా రాయించాను. ఆఫీసు ఇంటి ముందుకు రాకపోతే, ఇంటి ముందు నుంచి ఆఫీసుకు ఆటో. సరేనా అని అడుగు.

కోస్గిలో రెండు రోజుల శిక్షణ ఉంటుంది. కొత్త రిజిస్టరు పంపుతున్నాను. నీ నోటుబుక్కులాగా కాదు, గడులన్నీ అచ్చు వేసి ఉంటాయి. వచ్చినవాళ్ల ఎదురుగా హాజరు, రానివాళ్ల ఎదురుగా ఎర్ర సిరాతో గైర్‌హాజరు. వరుసగా మూడుసార్లు రాకపోతే ఒక నోటీసు, అయినా రాకపోతే పేరు తీసేయడం. అన్ని సంఘాలకూ ఒకటే నియమం. కఠినంగా అనిపిస్తుంది కానీ, రేపు ఎవరూ మనల్ని వేలెత్తి చూపకూడదు తాతా. మన వాళ్లకు లెక్కా పత్రం తెలియదనే మాట నేను ఈ పట్నంలో చాలాసార్లు విన్నాను.

గ్లోరీ

—

గుండ్లకుంట
27 జూలై 2024

నాకు ఎర్ర పెన్ను పంపిన బిడ్డకు,

కుర్చీల కూసొని రాస్తున్న. చేతులున్న కుర్చీ. గీ నెల మొదటి గురువారం షటరు లేపినం. బోర్డు మీద మీ అవ్వ పేరు ఉన్నది. నాకు కండ్లల్ల నీళ్లు వచ్చినయ్, దుమ్ము పడ్డదని చెప్పిన.

గుర్వమ్మ గా ఒక్క నాడు వచ్చింది. అన్ని కుర్చీలుండంగ కింద కూసున్నది. చాయ తాగకుంట పోయింది. గంతే. పదకొండు తారీఖు రాలే, పద్దెనిమిది రాలే, ఇరవై ఐదు రాలే. మూడు గైర్‌హాజర్లు, ఎర్రగ, మంచిగ గుండ్రంగ రాసిన. నా చేతిరాత సూసి భాగ్యశ్రీ ఫోటో తీసి మీకు పంపింది గద.

వానలు పడుతున్నయ్, వాగు మోకాళ్ల దాంక ఉన్నది. అయినా ఆటో నర్సింహ రోడ్డు సుట్టు తిరిగి ఆమె ఇంటికి పోయిండు. తలుపు దగ్గరికేసి ఉన్నదంట. "ఇయ్యాల రాలేను, నువ్వు పో" అని లోపలికెల్లి అన్నదంట. ఇగ అలకనే. మా పెండ్లిల గూడ గిట్లనే అక్క మీద అలిగి గడ్డివాములకు పోయి పండుకుంది.

భాగ్యశ్రీ నోటీసు రాయాలన్నది. నేను రాస్త అన్న. ఏం రాసిననో తెలుసా? "గుర్వమ్మా, అలక మాని మీటింగుకు రాకపోతె నీ పేరు కొట్టేస్తం. ఇట్లు నీ బావ." నిన్న నర్సింహ తీస్కపోయి తలుపు సందులకెల్లి ఇచ్చిండు. ఆమెకు చదువు రాదు గద అంటవేమో. గదే నా ఉపాయం బిడ్డా! చదివించుకోవాలంటె నా కాడికే రావాలె. వచ్చినంక పట్టుకుంట.

తెలివి ఎక్కువైన
మీ తాత

—

హైదరాబాద్
4 ఆగస్టు 2024

తాతా,

నీ ఉపాయానికి మేడం కూడా నవ్వింది. రిజిస్టరు ఫోటో మా రిపోర్టులో పెట్టాం. నెల రోజుల్లోనే ఇంత క్రమశిక్షణ ఏ సంఘంలోనూ చూడలేదంది.

చిన్నవ్వ అలక నాకు తెలియంది కాదు. నన్ను హాస్టల్లో వేసినప్పుడు నెల రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వు మాత్రం ఆ వాగు దాటే సాహసం చేయకు. నీ మోకాళ్లు నాకు కావాలి. ఆమే వస్తుందిలే. వచ్చాక గోళీల సంగతి అడగడం మరచిపోకు, రెండు ఉత్తరాలుగా జవాబు లేదు.

పని ఒత్తిడిలో ఉన్న
గ్లోరీ

—

గుండ్లకుంట
22 ఆగస్టు 2024

బిడ్డా గ్లోరీ,

మట్టి ఇచ్చినంక నువ్వు నాతోని మాట్లాడకుంట బస్సెక్కినవు. నేను గూడ పిలువలే. మాట్లాడినా నీ మాట నాకు వినబడకపోతుండె. రాస్తున్న. మొత్తం చదువు.

ఎనిమిదో తారీఖు గురువారం భాగ్యశ్రీ రిజిస్టరు తీసింది. నాలుగు వారాలు అయినయ్, పేరు తీసెయ్యాలె అన్నది. నేను ఎర్ర పెన్ను మూత తీసిన. మణెమ్మ లేసింది. చెయ్యి కాలిన మణెమ్మ. "సుక్కమ్మ ఉంటె గీ పాటికి మనం గుర్వమ్మ ఇంట్ల కూసుంటుంటిమి" అన్నది. ఒక్కొక్కరు లేసి నడుస్తున్నరు. షటరు దించనీకి గూడ ఎవరూ ఆగలే. నన్ను నర్సింహ ఆటోల ఎక్కించుకున్నడు.

గుర్వమ్మ ఇంట్ల వాసన. కాలికి పుండు. ముల్లు ఇరిగిందంట, షుగర్ గద, మానలే. పాదం నల్లగైంది. ఒళ్లు కాలుతున్నది. మమ్ములను సూసి నవ్వింది బిడ్డా. "వచ్చిన్రా? ఇయ్యాల మా ఇంట్లనే గద మీటింగు" అన్నది.

నేల మీద చాపలు పరిచి ఉన్నయ్. పక్కకు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నయ్. చాపత్త పొట్లం, చక్కెర. పక్కింటి ఉమారాణి చెప్పింది: ప్రతి గురువారం పొద్దుగాల దేకుకుంట దేకుకుంట చాపలు పరుస్తదంట. "నేను పోలే గద, వాళ్లే వస్తరు" అంటదంట. దవాఖానకు పోదాం పా అంటె, "మీటింగు అయినంక సంఘపోళ్లే తోల్కపోతరు" అన్నదంట. నర్సింహ ఆటో వచ్చిన నాడు గూడ అలక గాదు. లేవ రాలే.

నీకు ఒక ముచ్చట ఎన్నడు చెప్పలే. గా కాయిదా ఎందుకు పెట్టిందో మీ అవ్వ. ముప్పై ఏండ్ల కింద గుర్వమ్మ మొగడు పాము కరిచి పోయిండు. నెల తిరగక ముందె ఒకనాడు గుర్వమ్మ కూలికి రాలే. అందరు "దుఃఖంల ఉన్నది, ఇడ్శిపెట్టున్రి" అన్నరు. సుక్కమ్మ ఒక్కతే పోయింది. పోయెవరకు దూలానికి తాడు కట్టి ఉన్నది. గా దినం సుక్కమ్మ ఆడనే కూసున్నది. మిగిలినోళ్లను ఆడికే పిలిపించింది. రానోళ్ల ఇంట్ల మొదటి మీటింగు గదే. నేను నీకు చాపత్త ముచ్చట చెప్పి నవ్వించిన గని గిది చెప్పలే. ఏడుపు ముచ్చటలు నాకు చెప్ప రావు.

ఇంకోటి. మేడం అడిగిన నాడు గుర్వమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పి ఉంటె ఆమె వినేది. నేను నవ్వులాట చేసిన.

ఆటోల ఎక్కించేటప్పుడు గుర్వమ్మ రవికెలకెల్లి కాయితం తీసింది. నా నోటీసు. నాలుగు మడతలు, చెమటకు తడిసింది. "బావా, గ్లోరీ ఏం రాసింది, జర చదువు. నర్సింహ నీ పేరు చెప్పి ఇచ్చిండు. అప్పటి సంది దాచిన" అన్నది. నీ ఉత్తరాలు నా చేతులకెల్లే పోతయ్ గద, గిది గూడ నీదే అనుకున్నది.

చదివిన. "చిన్నవ్వా, నువ్వు రాకుంటె మీటింగు మీటింగులెక్క లేదంట. తాత బాగ పరేషాన్ అవుతున్నడంట. వచ్చే గురువారం నేను గూడ నీ ఇంటికి వస్తున్న, కింద చాప మీద నీ పక్కకు కూసుంట" అని చదివిన. పులుసు మాట కలపలే. ఆమె నా దిక్కు సూసి, "పులుసు గురించి ఏం రాయలేదా?" అన్నది. అన్ని ఎరుకే ఆమెకు. మొదటి నుంచి ఎరుకే.

పెద్ద దవాఖానల నాలుగు రోజులు ఉన్నది. పది దినాలు ముందు తెస్తె కాలు తీసినా పానం దక్కేదని డాక్టరు అన్నడు.

కాయితం నా కాడనే ఉన్నది.

ఐలేశం

—

హైదరాబాద్
10 సెప్టెంబర్ 2024

తాతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నోటీసు రాసింది నువ్వు కావచ్చు. ఆ నియమం పంపింది నేను. మణెమ్మ చెయ్యి కాలిన సంగతి నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను దాన్ని దాటుకుంటూ వెళ్లి చాపత్త దగ్గర నవ్వాను. ఆ గురువారాల్లో నన్ను చంకనేసుకుని తిప్పింది చిన్నవ్వే. ఎందుకు తిరుగుతున్నామని ఒక్కసారీ అడగలేదు. చోటు లేక అనుకున్నాను.

"కూర్చోవడానికి సొంత చోటు లేక." ఆ వాక్యం అందరికీ నచ్చింది. ఇంకో ఏడు సంఘాల దరఖాస్తుల్లోనూ అదే పెట్టాను. ఆ ఏడు ఊళ్లలో ఏం పద్ధతులు ఉండేవో, ఏవి ఆగిపోయాయో నాకు తెలియదు. అడగాలంటే భయంగా ఉంది.

మేడంకు అంతా చెప్పాను. సెలవు పెట్టాను. ఊరికి రాలేను. ఆ వాగు చూడలేను. కొన్నాళ్లు నాకు రాయకు తాతా. నేనూ రాయను.

గ్లోరీ

—

గుండ్లకుంట
8 డిసెంబర్ 2024

రాయొద్దన్న మనవరాలికి, మాట వినని తాత రాసేది. వినబడదు గద, ఏం జేస్త.

గుర్వమ్మ పోయినంక నేను గూడ మీటింగుకు పోలే. గా కుర్చీ సూస్తె ఒళ్లు మండుతుండె. ఒక్క గురువారం పోలే, గంతే. మళ్ల గురువారం నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఎవరో కాలు పట్టి గుంజిన్రు. సూస్తె ఇల్లు నిండ ఆడోళ్లు. మణెమ్మ నా పొయ్యి మీద చాయ పెడుతున్నది. భాగ్యశ్రీ కింద కూసొని ఏడుస్తున్నది. పాపం, ఆ పిల్ల నేర్పిందే చేసింది. ఎవరూ నన్ను ఏమనలే. అంటె మంచిగుండు. గంటసేపు కూలి రేటు గురించి మాట్లాడి, గ్లాసులు కడిగి పోయిన్రు.

మీ సుమన మేడం అక్టోబరుల వచ్చింది. మణెమ్మ గుడిసెల కింద కూసున్నది. నేను లేసి, "మేడం, మీరు అడిగిన నాడు నేను అబద్ధం చెప్పిన. మా మరదలు అన్నది గిది" అని గుర్వమ్మ మాట గుర్వమ్మ లెక్కనే చెప్పిన. ఆమె గా మాట ఉన్నదున్నట్టు రాసుకున్నది. మళ్ల, "మేమేం చెయ్యాలె చెప్పండి" అన్నది. "మేడం, గిది మొదట్ల అడిగితె అయిపోతుండె" అన్నది మణెమ్మ. మేడం దానికి గూడ ఊ అన్నది.

గది తీసెయ్యలే. పింఛను కాయితాలకు, కంప్యూటర్‌కు గది ఉన్నది. మీటింగు మాత్రం రానోళ్ల ఇంట్లనే. షుగర్ సూసే మిషన్ అడిగినం, వచ్చింది. భాగ్యశ్రీ ఇంటింటికి తిరిగి వేళ్లు పొడుస్తున్నది. మేడం మిగిలిన ఏడు ఊర్లకు పోయి అడిగి రావాలన్నది. ఎవరు పోతరు అంటె, "గ్లోరీ పోతె బాగుండు, గని ఆమె ఆఫీసుకు వస్తలేదు" అన్నది.

ఇప్పుడు అసలు ముచ్చట. మొన్న పాత నోటుబుక్కులు తీసిన. నీకు ఏడేండ్లప్పుడు మీ అవ్వ నీ పేరు నాతోని రాయించింది. "చిన్నదైనా ప్రతి వారం వస్తున్నది, రాయి" అన్నది. పందొమ్మిదో పేరు నీదే. ఎవరూ కొట్టెయ్యలే.

సెప్టెంబరు సంది నువ్వు ఆఫీసుకు పోతలేవు, ఉత్తరంల గూడ వస్తలేవు. ఎర్ర పెన్నుతోని ఏం రాయలే నేను. గా పెన్ను గుర్వమ్మ పక్కకు మట్టిల పెట్టిన. కాయిదా అయితె కాయిదానే గద. పన్నెండు తారీఖు గురువారం మీటింగు తార్నాకల, నీ రూముల. పొద్దుగాల మొదటి బస్సుకు ఎక్కుతున్నం. ఆడోళ్లందరికి బస్సు ఫ్రీ. టికెట్ నాకొక్కనికే, కండక్టరు గూడ నవ్వుతడు.

గ్లాసులు కొనకు, గుర్వమ్మవి తెస్తున్నం. చాప పరువు. నీ పక్కకు ఒక మనిషి జాగ ఇడ్శిపెట్టు.

తలుపు దగ్గరికేసుకొని లోపలికెల్లి "ఇయ్యాల రాలేను, పొండి" అంటవేమో. అను. నాకు వినబడది.

వస్తున్న,
మీ తాత ఐలేశం